బీరప్ప వాటా

"ఏం పీకుతున్నవయ్యా అక్కడ?" అని ఎవరైనా అడిగితే "గడ్డి" అని తలెత్తుకుని నిజం చెప్పగలిగే ఉద్యోగం ఒక్కటే ఉంటుంది. విజేందర్‌కు అదే దొరికింది. గడ్డి ఉద్యోగం, గడ్డు ఉద్యోగం కూడా. ఏడాదికోసారి రెన్యువల్ అయ్యే కాంట్రాక్టు, భుజాన మీటరు పొడవు మీటరు వెడల్పు ఇనుప చట్రం, సంచిలో ట్యాబు, వయసు నలభై ఎనిమిది.

కల్వకుర్తిలో బస్సెక్కి మూడు స్టేజీల అవతల దిగి, చాయ్ హోటల్ ముందు చట్రాన్ని గోడకు ఆనించాడు. బల్ల మీద కూర్చున్న ఒక ముసలాయన చట్రాన్నీ, అతన్నీ మార్చి మార్చి చూశాడు.

"పటం కట్టు మంచిగనే తెచ్చినవ్ సార్. దేవుడేడి లోపట?"

విజేందర్ చట్రాన్ని మెడలో వేసుకుని "ఇగో, నేనే" అన్నాడు.

హోటల్లో నలుగురూ నవ్వారు. ఆ నవ్వు అతనికి పొద్దున తిన్న ఇడ్లీ కంటే బాగా ఒంటబట్టింది. ముసలాయన పేరు గుర్వయ్య. ఊళ్ళో మిగిలిన రెండు గొర్రెల మందల్లో ఒకటి ఆయనది.

"పైకంచకే కద? పో సార్, కండ్ల నిండ చూడు. ఒక్క గజం ఖాళీగ లేదు మా కంచ. గట్లనే రాసుకో" అన్నాడు గుర్వయ్య, చాయ్ డబ్బులు తనే ఇస్తూ.

విజేందర్ మూడు కిలోమీటర్లు నడిచాడు. మేత గొర్రెలది, మోత తనది అనుకున్నాడు. వినేవాళ్ళు లేకపోయినా మాట బాగుందనిపించి ఇంకోసారి పైకే అన్నాడు. కంచ అంటే ఈ వైపు గొర్రెలు మేసే నేల, ఆఫీసులో కంచె అంటే గొర్రెలు రాకుండా వేసేది. ఆ రెంటి మధ్య నిలబడి ఏది ఏదో తేల్చడమే అతని పని. పైకంచ నలభై ఎకరాలు, అందులో పన్నెండు గుర్తులు, ట్యాబులో ఎర్ర చుక్కలుగా. ప్రతి చుక్క మీదా చట్రం పరచాలి. లోపల ఎన్ని రకాల గడ్డి, ఎన్ని రకాల మొక్కలు ఉన్నాయో లెక్కపెట్టి, ఫొటో తీసి ఎక్కించాలి. పన్నెండింటిలో మూడు చోట్లన్నా పదిహేను రకాలు దాటితే అది మొదటి తరగతి గడ్డినేల. గొర్రెలు మేస్తేనే బతికే నేల అని రాసి, ఎన్ని గొర్రెలు ఏ నెలల్లో మేయాలో ఊరివాళ్ళకు కాగితమిస్తారు. దాటకపోతే మూడో తరగతి. చుట్టూ తీగ లాగి, గుంతలు తవ్వి, చెట్లు నాటుతారు. గొర్రెలకు బంద్.

కంచ ఎక్కి చూసి విజేందర్ చట్రం కింద పెట్టేశాడు. దసరా వెళ్ళి వారం కాలేదు. ఈ రోజుల్లో గడ్డి మోకాలెత్తు లేచి, వెన్ను తీసి, గాలికి ఊగుతుండాలి. ఇక్కడ ఎర్రమట్టి మీద వేలెడు మోడులు. ఎవరో క్షవరం చేసినట్టుంది. క్షవరం చేసినవాళ్ళు కూడా అక్కడే ఉన్నారు, అరవై నల్లగొర్రెలు, వాటి వెనుక ఒక మనిషి. యాభై అయిదేళ్ళుంటాయి. భుజాన గొంగడి, చేతిలో కదురు. నడుస్తూనే ఊలు వడుకుతోంది. ఆమె పేరు జంగమ్మ.

"నమస్తే అక్కా. నేను గడ్డికొచ్చిన" అన్నాడు.

"గొర్రెలు గుడ గడ్డికే వచ్చినయ్ సారూ" అంది జంగమ్మ. నవ్వలేదు. అది హాస్యమో కాదో అతనికి తెలియలేదు.

మధ్యాహ్నానికి మూడు చుక్కలు అయ్యాయి. నాలుగు రకాలు, ఆరు రకాలు, అయిదు రకాలు. మిగిలినవన్నీ మోడులు. ఇంకో నాలుగు చుక్కలు ఉత్తరం మూలన, ఎత్తు బండల వెనకాల ఉన్నాయి. చట్రం భుజానికెత్తుకుని అటు రెండడుగులు వేశాడో లేదో జంగమ్మ కదురు ఆగింది.

"అటు పోకు సారూ."

"ఏమక్కా?"

"ఏం లేదు ఆడ. అంత బండనే. పాములు."

ఆ మాట ఆమె నేలను చూస్తూ చెప్పింది. విజేందర్ బండల వైపు చూశాడు, ఎండ వైపు చూశాడు, గడియారం వైపు చూశాడు. అయిదింటి బస్సు పోతే మళ్ళీ ఏడున్నరకు. పక్కనున్న ఒక బండనే నాలుగు దిక్కుల నుంచి నాలుగు ఫొటోలు తీసి, నాలుగు చుక్కల దగ్గరా 'బండరాయి' అని నొక్కాడు. ట్యాబు ఏమీ అడగకుండా నాలుగింటికీ తాళం వేసేసింది. దిద్దాలంటే ఇక ఆఫీసు వాళ్ళు తెరవాల్సిందే.

బస్సులో కూతురికి మెసేజ్ పెట్టాడు. 'భాగ్యా, ఇవాళ గడ్డి దొరకలేదు, గడ్డం మాత్రం పెరిగింది.' హైదరాబాద్ హాస్టల్ నుంచి కాసేపటికి ఒక బొటనవేలు వచ్చింది. రోజూ అదే బొటనవేలు. వేలిముద్ర వేసి పంపినట్టు.

రెండో రోజు జంగమ్మ తనంతట తానే అతని పక్కకు వచ్చి నిలబడింది. అతను చట్రం పరిచి, మోకాళ్ళ మీద వంగి, భూతద్దంలో మోడులను చూస్తున్నాడు. పువ్వు ఉంటే రెండు వందల గడ్డి మొక్కలకు శాస్త్రం పేర్లు గడగడా చెప్పగలడు. పువ్వు లేకపోతే అతనూ గొర్రె సమానమే, కాకపోతే గొర్రెకు రుచి తెలుసు.

"గది నెండ్ర గడ్డి" అంది జంగమ్మ, కాలి బొటనవేలితో ఒక మోడును నొక్కి. "ఇది బోద. నలిపి వాసన చూడు. ఇది పందిముల్లు, దీని గింజకు మెలితిరిగిన తోకుంటది. గొర్రె తోలుల దిగిందంటే ఇగ వెనకకు రాదు. గిది చీపురు గడ్డి. గది తుంగ, అడుగున మూడు మూలలుంటది, పట్టి చూడు."

పట్టి చూశాడు. మూడు మూలలున్నాయి.

"తుంగ తొంగి చూస్తాంది" అన్నాడు.

జంగమ్మ మొహంలో ఏ కదలికా లేదు. "వెంపలి, తుమ్మి, నేల ఉసిరి, విష్ణుకాంత" అంటూ బొటనవేలు ముందుకు జరిపింది.

"వెంపలి కోసం వెంపర్లాడుతున్న అక్కా."

"గలిజేరు" అంది జంగమ్మ. "ఉత్తరేణి. పల్లేరు, చెయ్యి జాగ్రత్త."

ఒక్క చట్రంలో పద్నాలుగు పేర్లు చెప్పింది. అతను ట్యాబులో నాలుగే రాశాడు. ఆమె పక్కనుంచి తొంగి చూసింది. అక్షరాలు చదవలేకపోయినా గీతలు లెక్కపెట్టగలదు.

"నేను పద్నాలుగు చెప్పిన కద."

"పువ్వుదో వెన్నుదో ఫొటో ఉంటేనే లెక్కకొస్తది అక్కా. మోడును చూసి చెప్పింది చెల్లదు."

"నాకు తెలుసు గద."

"నీకు తెలుసని రాయడానికి గడి లేదు ఇండ్ల."

జంగమ్మ మళ్ళీ కదురు తిప్పడం మొదలుపెట్టింది. ఊలు పోగు సాగుతూ సన్నబడుతూ వేలికి చుట్టుకుంటోంది. ఆ రోజు ఇంకో రెండు చట్రాలకు ఆమె దూరంగానే ఉంది. అతను ఒక్కడే వంగి, లేచి, వంగి, "జాతులున్నయి గని జాతర లేదు" అని గడ్డితో అన్నాడు. గడ్డి వింది. గడ్డికి వినడం తప్ప దారి లేదు.

మూడో రోజు పదకొండింటికి మిగిలిన రెండు చట్రాలూ అయిపోయాయి. అయిదు, మూడు. విజేందర్ బండ నీడన కూర్చుని లెక్క చూశాడు. చట్రం పరిచినవి ఎనిమిది, పదిహేను దాటింది ఒక్కటీ లేదు. 'బండరాయి' నాలుగు. ట్యాబు తెర మీద పైకంచ మొత్తం పసుపు రంగులోకి తిరిగింది. పసుపంటే మూడో తరగతి.

గుర్వయ్య తన మందను జంగమ్మ మందకు ఎడంగా నిలిపి సద్ది మూట విప్పాడు. జంగమ్మ జొన్నరొట్టె రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క మీద పచ్చి పులుసు ఉల్లిగడ్డలు పెట్టి విజేందర్‌కు అందించింది. అది చేతిలో పట్టుకుని అతను ఫలితం చెప్పేశాడు.

గుర్వయ్య చేతిలో ముద్ద నోటి దాకా వచ్చి ఆగింది.

"బంద్? ఎందుకు బంద్? ఖాళీగ లేదు కద సార్! పోయినేడు పక్కూరోళ్ళ కంచ చూసి 'ఎవరూ వాడతలేరు, ఖాళీగున్నది' అని రాసుకపోయి తీగ లాగిన్రు. మనది గట్ల కావద్దని, మీరొస్తున్నరని తెలిసినకాంచి రెండు మందలూ పది దినాలు దీని మీదనే తోలినం. అద్దం లెక్క నాకిపిచ్చినం సార్!"

"నా కోసమా?"

"మరి ఎవరి కోసం? సుట్టమొస్తే వాకిలి ఊడ్వమా?"

విజేందర్ చేతిలో రొట్టె వైపు చూశాడు. పదకొండేళ్ళుగా ఊళ్ళు తిరుగుతున్నాడు. తను వస్తున్నాడని ఎవరూ వాకిలి ఊడ్చిన గుర్తు లేదు. ఊడ్చిన ఒక్క వాకిలినీ పసుపు పూసి పోతున్నాడు.

"ఊడ్చుకుంటిమి పో, మన బతుకునే ఊడ్చుకుంటిమి" అన్నాడు గుర్వయ్య, ముద్దను తిరిగి గిన్నెలో పెట్టి. "నాకేందే జంగమ్మ, నావి అమ్ముత, కొడుకు కాడికి పోత. నీకు గొర్రెలు దప్ప ఎవరున్నరే?"

జంగమ్మ రొట్టె పూర్తిగా తింది. నీళ్ళు తాగింది. చెంగుతో మూతి తుడుచుకుని విజేందర్ వైపు తిరిగింది.

"పదిహేను రకాలు. మూడు జాగలల్ల. గంతేనా?"

"గంతే అక్కా. పువ్వుతోని."

ఆమె బండల వైపు చూసింది. ఉత్తరం మూల.

"జంగమ్మా" అన్నాడు గుర్వయ్య హెచ్చరికగా.

"నువ్వూకో బావా." లేచి గొంగడి భుజాన వేసుకుంది. "రేపు చెప్పులేసుకొని రాకు సారూ."

నాలుగో రోజు అతను నిజంగానే చెప్పులు చాయ్ హోటల్లో విడిచి, మూడు కిలోమీటర్లు ఉత్త కాళ్ళతో నడిచాడు. కంచ మొదట్లో విడిస్తే చాలని జంగమ్మ తర్వాత చెప్పింది. అప్పటికి మడమలో రెండు పల్లేరు కాయలున్నాయి.

బండలకు ఇవతల ఆగి ఆమె విషయమంతా చెప్పింది. ఆ మూల రెండెకరాలు బీరప్ప వాటా. గొర్రెలు కాసేవాళ్ళు దేవుడికి విడిచిన మేత. వానాకాలమంతా ఒక్క గొర్రెను కూడా తోలరు. దీపావళి వెళ్ళి, గింజంతా రాలాక ఒక పూట మందను విడిచి, దేవుడు తిన్నాక మిగిలిందని మేపుతారు. లోపలికి చెప్పు పోవద్దు, ఇనుము పోవద్దు. కొడవలి అయినా, గొడ్డలి అయినా. లోపలిది ఒక్క పరక బయటికి రావద్దు.

"ఆరేండ్ల కింద కొలతలోళ్ళొచ్చి ఇనుప గూటాలు దిగ్గొట్టిన్రు. చెప్పినా ఇనలే. ఆ ఏడు నా మంద సగం పడిపోయింది" అంది. "నీ భుజాన గా ఇనుము చూసిన. బండ అని చెప్పిన. అబద్ధం చెప్పిన సారూ."

విజేందర్ చట్రాన్ని కిందికి దించాడు.

"నువ్వొక్కటే చెప్పినవ్ అక్కా" అన్నాడు. "నేను నాలుగు చెప్పిన."

తాళం పడ్డ చుక్కలు తెరిపించాలంటే ఫోన్ చేయాలి. సిగ్నల్ ఎత్తు బండ మీదే అందుతుంది. విజేందర్ ఎక్కాడు. ఆఫీసులో అతని పై అధికారి త్రివేణి, వయసులో అతనికంటే పద్దెనిమిదేళ్ళు చిన్న. ఆమె నెలకోసారి గడ్డి పెట్టేది, అతను లెక్కపెట్టేవాడు. ఈ మాటనే ఆఫీసులో చెప్పి అందరినీ నవ్వించేవాడు. ఇవాళ ఫోన్ మోగుతున్నంతసేపూ 'గడ్డి తిన్నాను మేడమ్' అన్న మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. ఆమె "హలో" అనగానే దాన్ని మింగేశాడు.

"మేడమ్, పైకంచలో నాలుగు పాయింట్లు నేను పోకుండానే బండ అని పెట్టాను. ఒకే రాయి ఫొటో నాలుగుసార్లు తీశాను. తెరిచి ఇవ్వండి. ఇవాళ పోతాను."

అతను జోకు వేస్తాడని ఆమె ఎదురుచూస్తున్నట్టుంది.

"విజేందర్ గారూ, తప్పుడు ఎంట్రీ అని ఫైల్లో రాయాల్సొస్తుంది. మీ రెన్యువల్ ఈ నెలాఖరుకే."

"రాయండి మేడమ్."

"ఇంకో మూడు నెలలాగి అడిగుంటే..."

"అప్పటికి గుంతలు తవ్వుతారు."

తెర మీద నాలుగు తాళాలూ ఒకటొకటిగా విప్పుకున్నాయి. విజేందర్ బండ దిగాడు.

జంగమ్మ చట్రం పక్కన కూర్చుని ఉంది. నాలుగు రోజులుగా వడికిన ఊలు పోగును నాలుగు పేటలు చేసి మెలిపెట్టింది. ఇనుప చట్రం అంచుల వెంట దాన్ని బిగించి పరిచి, నాలుగు మూలల దగ్గర ముడులేసింది. ఒక్కో ముడిలో ఒక తంగేడు పుల్ల దూర్చింది. ఇనుమును అక్కడే విడిచి, ఆ నల్లటి ఊలు చదరాన్ని రెండు చేతుల మీదా ఎత్తుకుంది.

"సూడు, గంతే ఉందా?"

విజేందర్ టేపు పెట్టి కొలిచాడు. నాలుగు వైపులా మీటరు. ఒకవైపు ఒక వేలు తక్కువైతే ముడి విప్పి మళ్ళీ వేసింది. టేపు కొసన ఇనుప కొక్కెం ఉంది. దాన్ని కూడా బయటే విడిచారు.

బండల సందులోంచి లోపలికి అడుగుపెట్టి విజేందర్ ఆగిపోయాడు. గడ్డి నడుము దాకా ఉంది. నెండ్ర వెన్నులు తెల్లగా, బోద ఎర్రగా, పందిముల్లు గింజల తోకలు ఒకదానికొకటి పెనవేసుకుని. అడుగున గునుగు, విష్ణుకాంత నీలం, తుమ్మి తెలుపు, పేరు తెలియని పసుపు చుక్కలు. మధ్యలో పసుపు రాసిన ఒక చిన్న రాయి.

జంగమ్మ రాయి ముందు నిలబడి మామూలు గొంతుతోనే మాట్లాడింది. "బీరప్ప తండ్రీ, గీ సారు లెక్క రాసుకొనికె వచ్చిండు. మంచోడే. జర ముచ్చట్లు ఎక్కువ."

విజేందర్ నవ్వాడు. నాలుగు రోజుల్లో అదే మొదటిసారి, తను వేయని జోకుకు.

మధ్యాహ్నం దాకా ఇద్దరూ మోకాళ్ళ మీదే ఉన్నారు. ఆమె పరకను రెండు వేళ్ళ మధ్య తుంచకుండా వంచి పట్టుకునేది, అతను ఫొటో తీసేవాడు. ఆమె తన పేరు చెప్పేది, అతను శాస్త్రం పేరు చెప్పేవాడు. రెండో చదరంలో ఒక సన్నటి వెన్నును చూసి అతను మొహం ఆనేంత దగ్గరికి వంగాడు. పుస్తకంలో తప్ప చూడనిది. "గిదేంది సారూ?" అంది ఆమె. "నువ్వే చెప్పక్కా" అన్నాడు. "మా అత్త దీన్ని 'ఈనిన గొర్రె గడ్డి' అంటుండె. పాలు పడతయి." అతను అదే రాశాడు. నోటికి మాటల ఆటలేవీ రాలేదు. అవి రాలేదన్న సంగతి కూడా తర్వాతెప్పుడో గుర్తొచ్చింది.

పదిహేడు. ఇరవై ఒకటి. పదహారు. పంతొమ్మిది.

ఎత్తు బండ మీద నుంచి ఫొటోలు ఎక్కించిన పది నిమిషాలకు త్రివేణి ఫోన్ వచ్చింది. "ఫొటోలో చట్రం కనపడట్లేదు. ఆ నల్ల తాడేంటి?"

"ఊలు మేడమ్. ఇనుము లోపలికి రావద్దు. కొలిచే వేశాం."

"మాన్యువల్లో లేదండీ."

"లేదు మేడమ్."

ఆమె ఊపిరి వదిలింది. "మీటరు ఉందా?"

"ఉంది."

"మీటరు మీటరే కదా" అంది త్రివేణి, ఫోన్ పెట్టేస్తూ.

తెర మీద పైకంచ ఆకుపచ్చగా మారింది, మొదటి తరగతి. కింద మేత కాగితం గళ్ళు తెరుచుకున్నాయి. ఏ భాగం మూసి ఉంచాలి? ఉత్తరం మూల. ఎప్పటి దాకా? గింజ రాలేదాకా. సాంకేతిక సలహాదారు? అక్కడ ఎప్పుడూ తన పేరే రాసుకునేవాడు. 'జంగమ్మ' అని కొట్టాడు. ట్యాబు దానికి కూడా ఏమీ అడగలేదు.

సంచి సర్దుకుని ఇనుప చట్రం ఎత్తబోతుంటే జంగమ్మ "ఆగు" అంది. "కూసో."

అతన్ని బండ మీద కూర్చోబెట్టి తను కింద కూర్చుంది. అతని ప్యాంటు మోకాళ్ళ కింద నుంచి అంచు దాకా గింజలతో నిండిపోయింది. లోపలిది బయటికి పోవద్దు. ఆమె ఒక్కొక్క గింజనూ గోటితో వదులు చేసి, మెలికకు ఎదురు తిప్పి, నూలు చిరగకుండా లాగి అరచేతిలో వేసుకుంటోంది. గొర్రె ఊలులో ఏరినట్టే. ఒక కాలు అయ్యాక, గొర్రెతో అన్నట్టే, "ఇంకో కాలు" అంది.

విజేందర్ కాలు చాపాడు. ఎండ బండల మీదికి పోయింది. గొర్రెలు ఎక్కడో దగ్గుతున్నాయి. తన కాళ్ళ దగ్గర ఇంకో మనిషి వేళ్ళు ఇంత ఓపికగా కదిలి ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టబోయి మానేశాడు.

ఆమె గుప్పెడు గింజలు తీసుకుని సందులోకి వెళ్ళి విదిలించి వచ్చింది. ఊలు చదరాన్ని మడిచి కొంగులో కట్టుకుంది.

"మళ్ళ ఎప్పుడన్న లెక్క రాయాల్నంటే ఇది నా కాడ ఉంటది" అంది.

"మళ్ళ నన్ను పంపరు అక్కా. ఈ నెలతోని నా పని అయిపోయింది."

జంగమ్మ మందను మళ్ళించడానికి నోటితో ఒక చప్పుడు చేసింది. అరవై తలలూ ఒక్కసారి లేచాయి.

అయిదింటి బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. చట్రాన్ని కాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. ఫోన్ తీసి కూతురికి రాయబోయి, ఏం రాయాలో తెలియక పక్కన పెట్టాడు. ఒక నిమిషం తర్వాత మళ్ళీ తీసి 'తిన్నవా బిడ్డా' అని మాత్రం రాశాడు. జేబులో పెట్టుకునేలోపే అది మోగింది. 'ఇంకా లేదు డాడీ. ఏమైంది? జోక్ లేదేం ఇవాళ?'

జవాబు రాయడానికి వంగితే చీలమండ దగ్గర చురుక్కుమంది. ప్యాంటు అంచు పైకి మడిచి చూశాడు. మడత లోపల, కుట్టు వెంబడి ఒకే ఒక పందిముల్లు గింజ ఉంది, మెలితిరిగిన పొడుగు తోకతో. నాలుగు రోజులు ఆమె వేళ్ళు చూశాడు. పోగులో నలుసు కూడా వదలని వేళ్ళవి. వాటికి ఇంత పొడుగు తోక కనబడకపోవడం ఏమిటో అతనికి అర్థం కాలేదు. గింజను మెల్లగా, మెలికకు ఎదురు తిప్పి, లాగి, అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఏడికి సార్?" కండక్టర్ వచ్చి నిలబడ్డాడు.

"కల్వకుర్తి" అన్నాడు విజేందర్, గుప్పిట మూసి. "రేపు పొద్దుగాల ఇటు రానీకె మొదటి బస్సు ఎన్నింటికున్నది?"